వ్యాజ్యకారణం పుట్టిన స్థలం

పాలసీ కాగితం కన్నడంలో ఉంది.
కింద సంతకం తెలుగులో ఉంది.
పెట్టిన మా ఫక్కీరప్ప లేడు.

బళ్ళారి కౌల్ బజార్‌లో, కటింగ్ టేబుల్ మీదనే,
జీన్స్ బట్ట రొంత పక్కకు జరిపి
రాపిచ్చుకున్యాడంట ఏజెంటు.
షుగర్ ఉందా అనే గడిలో
"ఇల్ల" అని రాసింది ఎవురో నాకు తెల్దు.
మా ఆయనకు కన్నడం నోటికొచ్చేది,
చేతికి రాలేదు.

కంతులు మాత్రం రాయదుర్గంలో కట్టినాం.
జేబుకు రూపాయిన్నర లెక్కన
నేను కుట్టిన జేబుల దుడ్డు అది.
ఆరేండ్లు. ఒక్క కంతు తప్పలేదు.
రసీదులన్నీ దారం ఉండల డబ్బాలో ఉండాయి,
నీలిరంగు అంటుకొని.

సచ్చిపోయింది బస్సులో.
పొద్దున బండి, డ్రైవరెనక సీటు, ఒళ్ళో టిఫినీ.
చెక్‌పోస్టు దాటినంక చూసినా అంటాడు కండక్టరు.
దాటకముందే తల వాల్చినాడు అంటుంది
పక్కసీట్లో దోసకాయల గంపామె.
రెండు స్టేషన్లోళ్ళు గంటసేపు ఫోన్లో,
"మీదే కదన్నా" "ఇల్ల ఇల్ల, నిమ్మదే" అనుకుంటా.
అంతసేపూ ఆయన ఏ రాష్ట్రంలోనూ లేడు.
ఎండలో ఉన్యాడు.

పాలసీ పుట్టింది కర్ణాటకలో, ఆడికే పో అంటాడు
కంపెనీ వకీలు.
ఆడికి పోతే ఆధార్ కార్డు తిప్పి చూసి
"నీవు ఆంధ్రదోరు అల్వా?" అన్యాడొకాయన,
మర్యాదగానే, నీళ్ళు గుడ్క ఇచ్చి.

అనంతపురంలో జుబేదా మేడం అనింది:
"చట్టం ఢిల్లీలో చేసింది హొన్నూరమ్మా,
గట్టుకు ఆ పక్కా ఈ పక్కా ఒకటే.
పేచీ చట్టం మీద కాదు, ఏ గడప ఎక్కాలన్న దాని మీద.
నువ్వుండే జిల్లాలోనే ఎక్కొచ్చు, ఇప్పుడట్ల ఉంది."
అంతా ఒకటే అయితే
నన్నెందుకు తిప్పినారు పది నెల్లు?
మేడం జవాబు చెప్పలేదు. జిరాక్సులు లెక్కపెట్టింది.

మా జేజినాయన పుట్టినప్పుడు
రాయదుర్గం బళ్ళారి జిల్లానే.
మంచం మీంచి కదలకుండానే ఆయప్పకు జిల్లా మారింది,
రాష్ట్రం మారింది.
అప్పులోళ్ళు మాత్రం పాతోళ్ళే వచ్చిరి.

ఈ ప్యాంటు చూడు మేడం.
బట్ట గుజరాత్‌ది, జిప్పు యాడిదో,
గుండీలు బళ్ళారివి, కటింగ్ మా ఆయనది, కుట్టు నాది.
కొన్నోడు హుబ్లీలో తొడుక్కుంటాడు.
కూకుంటానే కుట్టు ఇడిస్తే
ఇది ఏ రాష్ట్రపు దారమని అడుగుతాడా?
కుట్టినోళ్ళను తిడతాడు.
నన్నే. తిట్టనీ.
మాట ఇచ్చింది ఎవురు, ఇడిపిచ్చుకుంది ఎవురు,
అది కదా చూడాల్సింది.

అర్జీలో ఒక గడి మిగిలింది.
మేడం పైకి చదివింది:
"వ్యాజ్యకారణం పుట్టిన స్థలం."

పుట్టిన స్థలం అయితే నేను చెప్తా.
కోట కింద, నీళ్ళ ట్యాంకి ఎనక సందు, రెండో తలుపు.
లోపల కుట్టుమిషన్లు రెండు, ఒకటి మూత ఏసింది.
చిలుక్కు ఇంగా ఏలాడతాండాది ఆయన కొలిచే టేపు.
ముప్పై రెండు కాడ
బొటనేలు పట్టీ పట్టీ అంకె చెరిగిపోయింది.
ఆడ పుట్టింది. రాసుకో.

మేడం రొంతసేపు పెన్ను పట్టుకొని ఉండి,
"అనంతపురం జిల్లా" అని రాసింది.