శనివారం సంచి

మా సంఘంలో ప్రతి పొయ్యి పక్కనా ఒక డబ్బా ఉంటుంది.
ఎసట్లో బియ్యం పోసేముందు
ఒక పిడికెడు ఆ డబ్బాలోకి.
పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.
శనివారం నేను సంచి పట్టుకుని బయల్దేరతాను.
చంఫాయి కొండవాలు మీద నలభై ఒక్క ఇల్లు,
రేకుల మీద వాన, మెట్లకు పాచి,
ఇస్కుట్ తీగలు తలకు తగులుతూ.

పదకొండేళ్లు మోస్తే తెలిసింది,
సంచి అన్నీ చెబుతుందని.
సంఘపెద్ద రోఖుమా ఇంట్లో సన్నబియ్యం తాము తింటారు,
ప్రభువుకు రేషను బియ్యం.
కొత్తగా కాపురానికొచ్చిన రెమ్‌రువాతి పిడికిలి చిన్నది,
డబ్బా మాత్రం అందరికన్నా ముందు నిండుతుంది.
సంచి మోసేవాళ్లకు నోరుండకూడదని
మా అత్త దాన్ని అప్పగించిన రోజే చెప్పింది.

అయినా జారింది నోరు.
జోదిన్‌పుయి ఇంట్లో మూడు వారాలుగా డబ్బా ఖాళీ.
స్త్రీల కూటంలో, బెల్లం టీ పోసుకుంటూ,
ప్రార్థన చేయండి అన్నట్టుగానే అన్నాను.
మాలో చాడీ ఎప్పుడూ
మోకాళ్ల మీదే వస్తుంది.

ఆ ఆదివారం ఆమె వెనక బెంచీలో కూర్చుంది.
పై ఆదివారం రాలేదు.
ఖువాంగ్ మోగింది, పాట లేచింది,
ఆడగొంతుల వరసలో ఒకచోట
పన్ను ఊడిన సందు.
నాలుక అక్కడికే పోయినట్టు
నా చెవి అక్కడికే పోయింది.

పెద్దలు కూర్చుని మాట్లాడారు.
పరామర్శకు ఒక కమిటీ, అన్నారొకరు.
నిబంధనల్లో ఏముందో చూడాలి, అన్నారు ఇంకొకరు.
పాస్టరుగారు నావైపు చూశారు, ఏమీ అనలేదు.
అనుంటే బాగుండేది.

గురువారం వెళ్లాను, సంచి లేకుండా.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
ఆమె తలుపు తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.
పొయ్యి దగ్గర చేటలో అప్పు తెచ్చిన బియ్యం,
సగం రాళ్లు.
కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.
"చెప్పింది నేనే" అన్నాను.
"తెలుసు. ప్రార్థన మనవిలో అంత తీపి
నీ గొంతుకే ఉంటుంది."
చాలాసేపు గిన్నెలో రాళ్లే మాట్లాడాయి.

తర్వాత చెప్పింది:
క్వారీలో థాంగ్‌జామా నడుము పట్టేసిన సంగతి,
పక్క మీంచి లేవలేకపోతున్న సంగతి,
తాగి పడుకున్నాడనుకోనీ, పనికిరాడని అనుకోవద్దని
అతనే దాచమన్న సంగతి.
పదకొండేళ్లు ఆ గడప దగ్గర నిలబడ్డాను.
రెండడుగుల అవతలి పక్క
నాకు కనిపించలేదు.

చెప్పమంటావా, అని అడిగాను ఈసారి.
చాలా ఆలోచించి, నడుము సంగతి చెప్పు, అంది.

స్త్రీల కూటంలో లేచి నిలబడ్డాను.
ముందు నా తప్పు, తర్వాత అతని నడుము.
ఆ శనివారం సంచి ఆమె ఇల్లు దాటి రాలేదు.
ప్రభువు బియ్యం ఎవరినడిగి ఇచ్చావన్నాడు రోఖుమా.
నా పేరున రాసుకోండన్నాను.
రాసుకున్నాడు.
మర్నాడు తెల్లారేసరికి
థాంగ్‌జామాను కుర్చీతో సహా ఎత్తి
ఆ పాచి మెట్లన్నీ దించి
జీపు దాకా మోసింది ఆయన, ఆయన కొడుకులిద్దరూ.
ఇప్పటికీ వాళ్లింట్లో ఇచ్చేది రేషను బియ్యమే.

నెల తర్వాత ఆమె ఆలస్యంగా వచ్చింది, పాట మధ్యలో.
బెంచీ మీద అందరూ చూపు తిప్పకుండానే
కాస్త కాస్త జరిగారు.
నా పక్కన ఖాళీ ఉంది, అక్కడ కూర్చోలేదు.
అదీ సబబే.

నిన్న శనివారం.
డబ్బా తెచ్చి సంచిలోకి తనే ఒంపింది.
ఎంత ఉందో
చెప్పను.