చంకల దగ్గర

కొత్తదైతే ఆరొందలు, జీతంలో కోసుకుంటారు.
ఆదివారం సంతలో, చిక్‌పేట గల్లీ మొగలో
గోనెపట్టా మీద కుప్ప పోసి అమ్ముతుంటే
కంపెనీ బొమ్మున్న చొక్కా ఎనభైకి దొరికింది.
మెడ దగ్గర పేరు రాసిన చోటు కత్తిరించేశారు.
జేబులో నాని ఉండకట్టిన కాగితం,
ఏవో అంకెలు, చదవరావు.

కొన్నప్పుడు వాసన లేదు.
సంతలో అన్నిటిదీ ఒకటే వాసన కదా.
తొడుక్కుని, మడివాళ దాటి
సిల్క్‌బోర్డు సిగ్నల్లో ఎండకు నిలబడ్డాక
ఒళ్లు కాగింది, చొక్కా కాగింది,
చంకల దగ్గర్నించి లేచి వచ్చాడు
నాకంటే ముందు దీన్ని తొడిగినవాడు.

బండి మీద ఇద్దరం.

సర్ఫులో నానబెట్టాను. పోయాడు.
మర్నాడు పదకొండింటికి తిరిగొచ్చాడు.
నిమ్మచెక్కతో రుద్దాను.
నిమ్మకాయా, వాడూ కలిసి వచ్చారు.
ఓబులేసు మాట విని జ్యూసు షాపు ఫ్రీజర్లో
ఐస్‌క్రీం డబ్బాల పక్కన ఓ రాత్రంతా పెట్టాను.
చేపలాగా బిగుసుకుంది.
కరిగాక బతికింది.
సెంటు కొట్టడం ఇంకా అన్యాయం,
చావింట్లో అగరొత్తి వెలిగించినట్టయింది.

పధ్నాలుగో అంతస్తులో తలుపు తెరిచినావిడ
పొట్లం అందుకునేంత సేపూ ఊపిరి బిగబట్టింది.
నాకు తెలుస్తుంది.
కిందికి వచ్చేసరికి ఐదు నక్షత్రాల్లో మూడు రాలిపోయాయి.
మనుషుల లిఫ్టులో అద్దం ఉంటుంది,
సామాన్ల లిఫ్టులో ఉండదు.
నన్ను ఇందులోనే పొమ్మని బోర్డు పెట్టినవాళ్లకు
ఈ చొక్కా సంగతి ముందే ఎట్లా తెలుసో!

నాది కాదండీ, అని చెప్పాలనిపిస్తుంది.
మరెవరిదంటే?

మల్లేశ్వరం దోభీఘాట్లో మునెక్క ఉంది,
మా హిందూపురం తట్టు మాట.
నలభై ఏళ్లు రాతితొట్లో నిలబడి
పాదాలు తెల్లగా, వేరే మనిషివిలా ఉంటాయి.
చొక్కా తిరగేసింది. చంక దగ్గర
ముక్కు ఆనించి పీల్చింది,
పసిబిడ్డ మాడు వాసన చూసినట్టు,
ఏ సిగ్గూ లేకుండా.

"సబ్బు చానా ఏసినావు నాయనా,
ఆ సబ్బే దాన్ని పట్టుకోని ఉండాది.
నూలైతే మరుస్తాది. ఇది ప్లాస్టిక్కు, మరవదు.
ఇస్త్రీ గూడా పెట్టినావు గదా?
వాసన్ని ఉడకబెట్టినావు."

మళ్లీ పీల్చింది.
"పరిగెత్తినోని చెమట ఉప్పు కంపు.
ఇది ఇనుము కంపు.
ఈయప్ప భయపడినాడు. దినామూ భయపడినాడు."

పక్క తొట్లో ఎవరిదో ఆస్పత్రి దుప్పట్లు
నీళ్లని చాచి చాచి కొడుతున్నాయి.

నూడుల్సు బండి మీద పోస్తారే, ఆ తెల్ల పులుపు,
గిద్దెడు బకెట్టు నీళ్లకి, ఓ పూట నానాలట.
పిండకూడదట.
తినే సోడా ముద్ద చేసి చంకలకు పట్టు వేయాలట, అది రేపు.
"రెండూ ఒకేసారి కలిపేవు!
బుస్సున పొంగి ఉట్టి నీళ్లయితాది,
మొగుడూ పెండ్లాల కొట్లాట మాదిరి."
తర్వాత లోపలి వైపు పైకి తిప్పి ఎండ.
ఇంకా ఎండ.

నాలుగో రోజు ఇచ్చింది. నలభై రూపాయలు.
తోమి బోర్లించిన గిన్నెలాగా
ఏ వాసనా లేదు.
అంత లేకపోతే, ఏమో,
వాడికి నేనేదో చేసినట్టనిపించింది.

నెలా పదిహేను రోజులు గడిచాయి.
కోరమంగళ ఐదో బ్లాకు కుక్క. అగరా దగ్గర
బండి తాళం లాక్కున్న పోలీసు.
వానలో పాకం కారిన కేకు, దాని డబ్బులు నావి.
ఫోన్లో ఎర్రబడుతూ తరిగిపోయే నిమిషాలు.
బండి వాయిదా, ఐదో తారీఖు, మళ్లీ ఐదో తారీఖు.

చొక్కా సంచిలో చుట్టి పట్టుకెళ్లాను.
"ఆయప్పే మళ్లీ వచ్చినాడు, అక్కా."

మునెక్క తిరగేసింది, పీల్చింది.
చొక్కా కేసి చూడలేదు.
నాకేసి చూసింది కాసేపు.
దాన్ని తొట్లోకి జారవిడిచి
తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ
"అన్నం తిన్యావా?" అంది.