నలభై ఏడో నంబరు

అంగీకార పత్రం పద్నాలుగు పేజీలు.
తెలుగులోకి దించింది నేనే.
"యాదృచ్ఛిక కేటాయింపు" దగ్గర
మూడు రాత్రులు ఆగిపోయాను.
నిఘంటువు నోరు తెరిచింది గానీ
మాట బయటికి రాలేదు.

పెద్దాసుపత్రి పాత బ్లాకు, మేడ మీద గది.
కిటికీ తీస్తే హార్బరు వాసన,
దూరంగా లంగరేసుకుని
వంతు కోసం చూసే ఓడలు.
బల్ల మీద ట్యూబులు రెండు రకాలు.
ఒకే తెలుపు, ఒకే బరువు, ఒకే మూత.
ఒకదానిలో మందు,
ఇంకోదానిలో మందు లేని జిగురు.
ఏది ఏదో నాకు తెలీదు,
డాక్టరు గారికీ తెలీదు.
తెలియకుండా ఉండటానికే
నాకు నెల జీతం.

సూరాడ చిన్నపోలమ్మ వచ్చింది
జాలారిపేట నుంచి,
ఎండుచేపల బుట్ట గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పగించి,
ఎడమ పాదానికి పాత చీర పేలిక చుట్టుకుని.
షుగరు పుండు.
బొటనవేలి పక్క వేలు.
రూపాయి బిళ్ళంత.

చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గర
గొంతు సవరించుకున్నాను.
"అంటే... ఎవరికి ఏ ట్యూబన్నది
మనుషులు ఎంచరమ్మా, కంప్యూటరు..."

"ఓలమ్మ! సీటీలేత్తారని సెప్పలేవా?
అలివి వల ముందెవులు ఏయాలో
మా పేటలో సీటీలే కదా.
ముందేసినోడికే సేపలు పడతాయని రూలేటీ లేదు.
ఎవులికీ మొకమాటం ఉండకూడదు, అంతే."

పద్నాలుగు పేజీలూ
ఒక్క మాటతో ఒడ్డుకొచ్చాయి.
సిరాలో బొటనవేలు అద్దింది.
ఉప్పు తినేసిన గీతలు,
కాగితం మీద సగమే పడ్డాయి.

ప్రతి మంగళవారం స్కేలు పెట్టి కొలిచేదాన్ని.
పొడవు, వెడల్పు, అంచు రంగు.
కడగడం, కట్టడం, షుగరు బిళ్ళలు
అందరికీ ఒకటే.
దారి ఖర్చు మూడొందలు, మళ్ళీ వేలిముద్ర.
"నాది ఏ సీటీ?" అనేది వెళ్ళేముందు.
"తెలీదమ్మా."
"నీకూ తెల్దు కదా, బాగుంది."

తుపాను వారం రాలేదు.
ఫోను చేస్తే, "బుట్ట తడిసిపోనాది" అంది.
కారణం అన్న గడిలో
సముద్రం అని రాయబోయి
ఆగి, వ్యక్తిగతం అని రాశాను.

పదకొండో వారం వేలు నల్లబడింది.
నియమం ప్రకారం ట్యూబు వెనక్కి తీసుకుని
సర్జరీ వార్డుకి పంపాం.
మర్నాడు కట్టు కింద
నాలుగు వేళ్ళు.

ఏడాదిన్నరకి సీలు విప్పారు.
నలభై ఏడు: జిగురు.

ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. పేటకి వెళ్ళాను.
ఇసకలో వల పరిచి నెత్తళ్ళు ఎండేస్తోంది.
"మీకు మందు రాలేదమ్మా."
చేపల్ని తిరగేస్తూనే ఉంది.
"అవతలి సీటీ వోళ్ళకో?"
"చాలామందికి మానింది. అందరికీ కాదు."
"నా ఏలు లెక్కలోకి ఒచ్చినాదా?"

వచ్చింది.
రెండో పట్టికలో, కుడి వైపు నిలువు గడిలో
ఆరు అనే అంకె ఉంది.
అందులో ఒకటి ఆవిడ.
వేలమందికి పనికొచ్చే లెక్కలో
ఒక వేలు.

కాకిని తోలి,
చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి
కుడి పాదం చూపించింది.
చిటికెన వేలి కింద చిన్న ఎరుపు.
"మరి ఆ మందు ఇప్పుడు నాకిత్తారా?"

పదమూడో పేజీ, కింది నుంచి నాలుగో వాక్యం:
అధ్యయనం ముగిశాక మందు సరఫరాకు
సంస్థ బాధ్యత వహించదు.

ఆ వాక్యం కూడా తెలుగులోకి దించింది నేనే.
దాని దగ్గర
ఒక్క రాత్రి కూడా ఆగలేదు.