ఇన్నుం కొంజం

వాషర్‌మెన్‌పేటలో రెండో సందు,
మందుల షాపు మేడ మీద ఆవిడ గది.
పేరు దేవకిరుబై.
పేరులో కృప ఉంది, చేతుల్లో లేదు.

నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టిన కుడి భుజం
ఆడి నెల గిరాకీ మధ్యలో
తుప్పు పట్టిన కత్తెరలా బిగుసుకుంది.
జడ వేసుకోలేను. దండెం అందదు.
బస్సులో పై కడ్డీ పట్టుకోలేక
బ్రేకు వేసినప్పుడల్లా ఎవరో ఒకరి ఒళ్ళో పడతాను.

"గోడెక్కు" అంటుందావిడ.
వేళ్ళతో, చీమల బారులా.
చెవి ఎత్తు దాటగానే లోపల ఎవరో
పాత గుడ్డ చింపుతారు.
ఆ చప్పుడు నాకు తెలుసు,
పేకకి ఎదురు చింపితే బట్ట అలాగే ఏడుస్తుంది.
"చాలమ్మా" అంటాను.
"ఇన్నుం కొంజం" అంటుంది.
పెన్సిలుతో గోడ మీద గీత గీసి
పక్కన తేదీ వేస్తుంది,
ఎదిగే పిల్లలకి గుమ్మం మీద గీసినట్టు.
యాభై ఎనిమిదేళ్ళకి మళ్ళీ పొడుగవుతున్నాను,
వారానికో అరంగుళం,
కొన్ని వారాలు అదీ లేదు.

మొదట్లో మెట్టుకో తిట్టు తిట్టేదాన్ని.
తర్వాత, ఆవిడ గదిలో కరెంటు పోవాలని మొక్కుకున్నాను.
గోడెక్కడానికి కరెంటెందుకని
ఇంటికొచ్చాక తోచింది.

కార్తీకంలో వాన.
సందంతా మోకాళ్ళ లోతు నీళ్ళు, గదికి తాళం.
హాయిగా కూర్చుందామనుకుని
కూర్చోలేకపోయాను.
భుజం ఊరుకోలేదు,
బాకీ వసూలుకి వచ్చినవాడిలా
గుమ్మంలోనే నిలబడింది.
మిషను మీద సుద్దముక్క తీసుకుని
బీరువా పక్క ఖాళీ గోడ దగ్గరికెళ్ళాను.
వేళ్ళు ఎక్కాయి. గుడ్డ చిరిగింది.
ఇక్కడ ఆపితే అడిగేవాళ్ళు లేరు.

"ఇన్నుం కొంజం"
అన్నాను.
నా గొంతే, కాస్త కరుకుగా.

నొప్పి మీద ప్రేమ పుట్టిందని చెప్పను.
ఇప్పటికీ సుద్ద చూస్తే పళ్ళు బిగుస్తాయి.
కాకపోతే, బిగుతు జాకెట్టు వదులు చేయాలంటే
ముందు నా కుట్టే నేను విప్పుకోవాలి.
ఏ నొప్పి చింపేదో, ఏది కుట్టు విప్పేదో
చేతికి కొంచెం కొంచెంగా తెలుస్తోంది.

ఈ పొద్దున గోడ మీద పందొమ్మిదో గీత.
దానికి జానెడు పైన దండెం.
దాని మీద మూడు వారాలుగా
మా అక్క ఆరేసి వెళ్ళిన పసుపు తువ్వాలు.
ఇంకా దింపలేదు.
దింపమని
ఎవరినీ అడగనూ లేదు.