పది నిమిషాల చలి

ముందు ఫ్యాను ఆపమన్నాను.
జాసెమ్ నన్ను చూశాడు, పిచ్చివాణ్ణి చూసినట్టు.
అహ్వాజ్‌లో జూలై, మధ్యాహ్నం మూడు.
షెడ్డు రేకు మీద గుడ్డు కొడితే వేగిపోతుంది.
అయినా ఆపాలి.
గాలి కదిలితే దొంగ దొరకడు.

బ్యూక్, డెబ్బై ఆరు మోడలు, తేనె రంగు.
డ్యాష్‌బోర్డు మీద ఒక్క ఎండ పగులు లేదు,
వెనక సీటుకి ఇంకా కంపెనీ ప్లాస్టిక్కే.
మహ్‌లఖా ఖానమ్ స్టూలు మీద కూర్చుని
చేతిసంచి ఒళ్లో పట్టుకుని
"ఏటేటా గ్యాసు పోయిస్తున్నాను,
ఎటు పోతోందో ఒక్కడూ చెప్పడు" అంది.

ఎవడు చెబుతాడు?
ఇంటింటా ఓ చిల్లు కుండ ఉంటేనే కదా
నీళ్లమ్మేవాడికి పూట గడిచేది.
నేనూ పోశాను, రెండేళ్ల కిందట.
అది ఆమెకి గుర్తు లేదు.
ఉందేమో కూడా.

సబ్బు నురగ కుంచెతో ముంచి
గొట్టం గొట్టానికీ, నట్టు నట్టుకీ పూశాను.
కండెన్సరు రెక్కల్లో పోయినేటి ధూళి తుఫాను,
రెండు ఎండిన తూనీగలు.
బుడగ మాత్రం ఒక్కటీ లేవలేదు.

అప్పుడు తీశాను
ఉస్తా యర్వాంద్ వదిలి వెళ్లిన ఇత్తడి దీపం.
నీలం మంట, నడుమ రాగి బిళ్ల,
పక్కన వేలాడే రబ్బరు గొట్టం.
గొట్టం ఏది పీలిస్తే మంట అది చెబుతుంది.
చివరి పదేళ్లూ ఆయనకి ఏ వాసనా తెలిసేది కాదు,
ఏలకుల టీ కూడా వేడినీళ్లే.
"ఇదేరా నా ముక్కు" అనేవాడు.
"రంగు మారితే సంతోషించు, పొగ మాత్రం పీల్చకు."

నీరొక్కటే కాదు, ఈ గ్యాసూ పల్లమెరుగు.
అందుకని పైన వెతకను.
గోనెపట్టా పరిచి బండి కిందికి దూరాను.
చెమట చెవుల్లోకి కారుతోంది.
పైపు వంపు. నీలం.
డ్రయ్యరు. నీలం.
కంప్రెసరు వెనక. నీలమే.
ముందు, క్లచ్చి పళ్లెం అడుగున
మంట ఉలిక్కిపడింది.
అంచున ఆకుపచ్చ,
అప్పుడే మొలిచిన గోధుమంత.

బయటికొచ్చి బానెట్టు లోపలి వైపు చూస్తే
అక్కడే ఉంది నూనె చిమ్మిన గీత, వంకరగా.
రెండేళ్ల కిందట కూడా చూశాను దాన్ని.
పాత మురికి అనుకున్నాను.

"ఎన్నాళ్లకోసారి తీస్తారు బండి?"
"వేసవిలో మా చెల్లెలి ఇంటికి, అంతే.
మిగతా రోజులు దుప్పటి కప్పి ఉంచుతాను.
ఆయన కొన్న బండి. అరిగిపోదూ?"
"మరి ఏసీ?"
"చలికాలం ఏసీ ఎవరు వేస్తారు బాబూ!"

సీలు అరచేతిలో పెట్టి చూపించాను.
ఉంగరమంత. గోటితో నొక్కితే పెళుసుగా పెట్లింది.
ఇరుసు తిరిగితేనే దీనికి నూనె అందేది.
వాడి పోలేదమ్మా ఇది,
వాడక పోయింది.
ఆమె ఏమీ అనలేదు.
సంచి తెరిచి, ఊరికే మూసింది.
పాత సీలు అడిగి తీసుకుంది.

జనవరి. కారూన్ మీద మంచు కమ్మి
వంతెన సగం దాకే కనిపిస్తోంది.
షెడ్డు ముందు బ్యూక్ ఆగి ఉంది, ఇంజను నడుస్తోంది.
అద్దాలన్నీ పైకి. ఏసీ పూర్తిగా.
లోపల కోటు, శాలువా, ఉన్ని చేతిజోళ్లు,
వాటి మధ్య ఎక్కడో మహ్‌లఖా ఖానమ్.
జాసెమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అద్దం నాలుగు వేళ్లంత దిగింది.
"గడియారం చూడు. పదయ్యాయా?"
"ఇంకా నాలుగు నిమిషాలు."
అద్దం ఎక్కింది.