టోకెను

నర్సంపేట సబ్ ట్రెజరీల
కిటికీ పక్క కుర్చీ నాది.
ఫ్యాను జోరుగ తిరిగితే కాగితాలు లేస్తయి,
ఆపితే మనుషులు లేస్తరు.
రెండో నంబరు మీద పెట్టి ఉంచుత.

మంగళారం పదకొండింటికి మొగిలి వస్తడు.
మాజీ సర్పంచి. 'మాజీ' ఆయనకు ఇంకా కుదురలే,
పెద్దన్న అంగీ లెక్క భుజాల కాడ వదులు.
జేబుల నుంచి పాలిథిన్ కవరు తీస్తడు,
కవర్ల నుంచి మడత,
మడతల నుంచి ఒక నంబరు.
అది నాకు నోటికి వచ్చు.
అయినా కంప్యూటర్ల కొడుత.
అడిగిన మనిషి ముంగట
వేళ్లన్న కదలాలె కదా.

"నడుస్తున్నదే" అంట.
"ఎటు దిక్కు సారూ?"

ఆయన కట్టింది మేడ కాదు.
ఊరవతల, వాగు గడ్డకు, శ్మశానం.
రెండు గద్దెలు, రేకుల కప్పు,
తానాలకు నల్లా, ఆడోళ్లకు మాటుగోడ.
నెల దినాలల్ల లేవకపోతే సస్పెండని
పై నుంచి ఫోను.
నువ్వు కట్టు, బిల్లు వెనుకనే వస్తదని
అదే ఫోను.
సిమెంటు ఉద్దెర, ఇసుక ఉద్దెర,
మిగిలిన నాలుగు లక్షలు
ఊరోడే, ఎనుమాములల మిర్చి అడ్తి ఓదెలు
రెండు రూపాయల మిత్తికిచ్చిండు.

అప్పుడున్నోళ్లు అన్నరు:
పైసలకు కరువా మనకు, ఖర్చు పెట్టుండ్రి.
వెనుక వచ్చినోళ్లు అన్నరు:
గల్లాపెట్టె అడుగు గీకి పోయిండ్రు,
మేం దుబారా చెయ్యం, అప్పు తేం,
పైస పైసకు లెక్క చెప్తం.

చెప్పిండ్రు, అబద్ధమెందుకు.
బొమ్మలు గీసి మరీ చెప్పిండ్రు.
లెక్క చెప్పుడు వేరు, ఇచ్చుడు వేరని
మొగిలికి అప్పటిదాకా తెల్వదు.
ఆ తర్వాత వాళ్లూ అప్పు తెచ్చిండ్రు,
దాని పేరు మాత్రం మార్చిండ్రు.

సభలు రెండూ జరిగింది ఒక్క గ్రౌండుల.
కండువా రంగు మారింది గని
మైకు సెట్టు మారలే.
అది మా బామ్మర్దిది, అందుకే తెలుసు.
అడ్వాన్సు చేతుల పడందే వాడు
వైరు చుట్ట విప్పడు.
బడ్జెట్టంటే ఏందో
మా జిల్లాల వానికొక్కనికే తెలుసేమో.

పోయిన మాఘంల ఓదెలు పోయిండు.
ఎంజీఎం దాకా కూడ ఆగలే.
తెచ్చి మొదటి గద్దె మీదనే పెట్టిండ్రు.
మొగిలి కట్టె మోసిండు.
మంట లేచినంక పక్కకు జరిగి, వంగి చూసిండట —
గద్దె పగులలే.
అంత ఏడుపుల నడుమ
పని మంచిగ చేసిన అనుకున్నడట, ఒక్క నిమిషం.
గప్పుడు యాదికొచ్చిందట,
మీద కాలుతున్నది అప్పిచ్చినోడు,
కింద ఉన్నది వాని పైసలే.

పదకొండో నాడు కొడుకు
నోటు కాగితం పట్టుకొని వచ్చిండు.
గుండు మీద ఇంకా వెంట్రుక మొలువలే పిలగానికి.
తప్పెట్ల పడుతం.

ఓట్ల నాడు వాళ్లూరి బడిల
మొగిలి వేలుకు సిరా పూసింది నేనే.
వేలు గట్టిగ పట్టుకొని పూసిన, చెరగొద్దని.
నాకూ రెండు డీఏలు బాకీ.
నా టోకెను ఏ కిటికీల అడగాల్నో
ఎవలూ చెప్పరు.

మార్చి ముప్పై ఒకటి రాత్రి
సర్వరు నిలబడ్డది.
పాసు కాని బిల్లులన్నీ మురిగినయి.
ఏప్రిల్ల మళ్ల మొదటి నుంచి,
మళ్ల కొత్త నంబరు.
రాసిచ్చిన. మొగిలి పెదవులు కదిలించుకుంట
రెండుసార్లు చదివి
పాతదాని మీద పెట్టి మడిచిండు.
"పాతది ఎందుకే?"
"ఓదెలు కొడుకు పాత నంబరే రాసుకున్నడు సారూ,
కొత్తది చెప్తే అబద్ధం అనుకుంటడు."

వెనుక లైన్ల కొత్త సర్పంచి,
గుగులోతు మంజుల, తండా నుంచి.
చేతుల ఫైలు, ఫైలు మీద పసుపు ఇంకా ఆరలే.
"సార్, నీళ్ల ట్యాంకు మోటరు కాలింది.
ముందుగాల చేయించు, బిల్లు వెనుకనే వస్తదంటున్నరు.
వస్తదా?"

నేను కీబోర్డు దిక్కు చూసిన.
మొగిలి ఏం మాట్లాడలే.
బెంచీ మీద కొంచెం జరిగి
ఆమెకు జాగ ఇచ్చిండు.