తాడుకు రెండో చివర

ముందు మెడ వాలింది.
పద్నాలుగేళ్ల పిల్లి, గడ్డం ఛాతీకి ఆనించుకుని
పారేసుకున్నదేదో నేలమీద వెతుకుతున్నట్టు
వంటింట్లో నిలబడింది.
"ఏం పోయిందే సలీత్రే?" అని నవ్వాను.
ఆ నవ్వు ఇప్పటికీ నాకే గుచ్చుకుంటోంది.

తర్వాత కిటికీ గట్టు ఎక్కడం మానేసింది.
ముసలితనమే అనుకున్నాను,
నా మోకాళ్ల మాటేమిటి మరి?
వల్పరైసోలో మెట్లు లేని వీధి ఏదో
ఎవరైనా చూపించండి.

డాక్టర్ ఇస్మెనియా వయసు నా తోలుకోటంత.
స్కానింగు బొమ్మ మీద పెన్ను ఆనించింది.
కిడ్నీ పక్కన
బఠాణీ గింజంత ఉండాల్సిన అడ్రినల్ గ్రంథి
రేగుపండంత ఊరింది.
"పగలూ రాత్రీ అది ఒకటే హుకుం జారీ చేస్తోంది, దోన్ ఎవారిస్తో.
ఉప్పును పట్టుకో, పొటాషియాన్ని వదిలెయ్."

నాకు ఇంకేం చెప్పక్కర్లేదు.
ముప్పై ఒక్క ఏళ్లు కొండ లిఫ్టు బ్రేకు పట్టిన చెయ్యి ఇది.
ఒక తాడు, రెండు పెట్టెలు.
ఒకటి పైకొస్తే ఒకటి కిందికి.
బ్రేకు జారితే ఏమవుతుందో
నా అరచేతిని అడగండి, మచ్చ చూపిస్తుంది.

సలీత్రే అంటే సురేకారం.
ఉత్తరాన ఎడారిలో మా నాన్న తవ్విన తెల్లటి పెచ్చు.
మత్స్యకారుల రేవులో దొరికిన కూనకు
ఆ రంగు చూసే ఆ పేరు పెట్టాను.
ఉప్పు తిన్న ఇంటిని మరవకూడదంటారు.
దీని ఒళ్లు తిన్న ఉప్పులో ఒక్క రవ్వనీ మరవడం లేదు.
పేరు వల్లేనా అని ఒక రాత్రంతా దొర్లాను.
తెల్లారాక సిగ్గేసింది.

రక్తపోటు ఎక్కడిదాకా ఎక్కిందంటే
ఒక మంగళవారం దాని కళ్లు
రెండు నల్ల బొత్తాలైపోయాయి.
గోడకు గుద్దుకుని, గోడనే తిట్టింది.

శాంటియాగోలో ఆపరేషన్ చేస్తారట.
ఖర్చు చెప్పింది. గుండె సంగతీ చెప్పింది.
గొంతు తడారితే
సంతకం పెట్టని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.
ఇంకా అక్కడే ఉంది.

పొద్దున సార్డీన్ చేపలో ఒక మాత్ర.
సాయంత్రం చిటికెడు పొటాషియం పొడి,
నా వేలికి మూడు గాట్లు.
తొమ్మిదో రోజున మెడ లేచింది.
చూపు రాలేదు.
ఒక పెట్టె పైకొచ్చింది. రెండోది
ఎక్కడో మధ్యలో ఆగింది.

మా లిఫ్టు కూడా మరమ్మతుకని ఆగి నాలుగేళ్లు.
అయినా ఏడున్నరకి, మొదటి పెట్టె కదిలే వేళకి,
సలీత్రే కిటికీ వైపు మెడ ఎత్తుతుంది.
చెవులు ముందుకు పెడుతుంది.
నేనూ పళ్లెం కడగడం ఆపుతాను.